గాలిబొమ్మకు ఉన్నది, మర ఏనుగుకు లేనిది

విజయవాడ బందరు రోడ్డులోనో, గుంటూరు అరండల్‌పేటలోనో కొత్త బట్టల షోరూము తెరిచినప్పుడు గుమ్మం ముందు రెండు రకాల ఆకర్షణలు కనిపిస్తుంటాయి. ఒకటి మర ఏనుగు. ఫైబరుతో పోసిన ఒళ్లు, గాజు కళ్లు, నుదుట బొట్టు, కడుపులో మోటారు. చెవులు ఊపుతుంది, తొండం ఎత్తి దించుతుంది. రెండోది గాలిబొమ్మ. పొడవాటి నైలాన్ గొట్టం, పక్కల చేతులుగా రెండు చిన్న గొట్టాలు, కాళ్లు ఉండాల్సిన చోట గాలి కొట్టే ఫ్యాను. పోలిక విషయంలో ఏనుగుకు వంక పెట్టడానికి లేదు. గాలిబొమ్మకు అసలు పోలికే లేదు. అయినా పిల్లలు ఏనుగును ఒకసారి తాకి చూసి వదిలేస్తారు. గాలిబొమ్మ దగ్గర మాత్రం నిలబడిపోతారు. అది వంగితే పడిపోతోందని అరుస్తారు, లేస్తే కేరింతలు కొడతారు, కాసేపటికి తామూ ఊగుతారు.

ప్రాణం ఉన్నదానికీ మనిషి చేసినదానికీ మధ్య గీత ఎక్కడుంది అన్న ప్రశ్నను దేని పోలికా లేని నైరూప్య కళ, కదలికతో చేసే చలన శిల్పం నూరేళ్లుగా తవ్వుతున్నాయి. తత్వశాస్త్రం మాటలతో చేసే పనిని ఇవి రేకులతో, తీగలతో, మోటార్లతో చేశాయి. ఆ ప్రయోగాలన్నీ కలిపి చూస్తే తేలే విషయం కాస్త విచిత్రంగా ఉంటుంది. ప్రాణం ఉన్నట్టు అనిపించడానికి రూపంతో పెద్దగా పని లేదు, కదలిక తీరు చాలు. అయితే అనిపించడం దగ్గర ఆగకుండా నిజంగా ఉండటం దాకా వెళితే, ఎంత గొప్ప కదలికైనా సరిపోదు.

ముందు ఏనుగు సంగతి. మోటారు గుండ్రంగా తిరుగుతుంది. దాని ఇరుసుకు ఒక క్రాంకు, క్రాంకుకు ఒక కడ్డీ, కడ్డీ చివర చెవి. చెవి ముందుకు వచ్చే దూరం, వెనక్కి పోయే దూరం, అందుకు పట్టే సమయం ఎన్నడూ మారవు. మూడో ఊపుకల్లా నాలుగోది ఎలా ఉంటుందో చూసేవారికి తెలిసిపోతుంది. తెలిసిన క్షణం నుంచి కంటికి కనిపించేది మోటారే. వినాయక చవితి పందిళ్లలో పడగ ఎత్తి దించే కాళీయుడికీ, గద తిప్పే భీముడికీ ఇదే చిక్కు. వాటిని చూడటానికి వరుస కట్టిన జనం అంత త్వరగా ముందుకు కదిలిపోవడానికి వెనకవాళ్ల తోపులాట ఒక్కటే కారణం కాదు.

గాలిబొమ్మలో జరిగేది వేరు. కింద నుంచి గాలి ఎక్కి గుడ్డను నిలబెడుతుంది. పై కొన నుంచి గాలి జారిపోతుంటుంది. ఎక్కడో ఒక చోట గుడ్డ మడత పడుతుంది. మడత దగ్గర దారి మూసుకుపోయి దాని కింద ఒత్తిడి పెరుగుతుంది. మడత పైకి జరుగుతుంది, లేదా ఒక్కసారిగా విచ్చుకుని బొమ్మ తల విసిరినట్టు లేస్తుంది. ఆ విసురుకు మరో చోట కొత్త మడత. పక్క నుంచి సిటీ బస్సు పోతే ఆ గాలి కూడా లెక్కలో చేరుతుంది. ఒక ఊపు మరో ఊపులా ఉండదు. అలాగని పూర్తిగా అడ్డదిడ్డమూ కాదు. పడటం, తమాయించుకోవడం, లేవడం అనే వరుస ఎప్పుడూ ఉంటుంది. ముందే తెలిసిపోయేదానికీ, ఎంత చూసినా అంతుపట్టనిదానికీ నడుమ ఉన్న ఆ ఇరుకు చోటులోనే ప్రాణమున్న భ్రమ పుడుతుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం ట్రినిడాడ్ కార్నివాల్ కళాకారుడు పీటర్ మిన్షల్ ఊహించగా, ఇజ్రాయెల్ కళాకారుడు డోరాన్ గాజిట్ తోడ్పాటుతో తయారైన బొమ్మ ఇది. కళగా పుట్టి, డిస్కౌంటు ప్రకటనల్లో స్థిరపడింది. దానికి అవమానమేమీ జరగలేదు. మ్యూజియంలో ఉంటే ఇంతమంది చూసేవారు కారు.

పోలిక లేనిదానిలో ప్రాణాన్ని చూసే ఈ అలవాటు పిల్లలకే పరిమితం కాదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక చిన్న బొమ్మల చిత్రం చూపించారు. అందులో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపులా తెరుచుకునే భాగమున్న ఒక దీర్ఘచతురస్రం. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతే. ఏం చూశారో రాయమంటే 34 మందిలో ఒక్కరు మాత్రమే ఆకారాల కదలికగా రాశారు. మిగిలినవారు పెద్ద త్రిభుజం కోపిష్ఠి అనీ, వృత్తం భయపడి ఇంట్లో దాక్కుందనీ, చిన్న త్రిభుజం దాన్ని కాపాడిందనీ కథలు అల్లారు. 1973లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యొహాన్సన్ మరో అడుగు ముందుకేశారు. మనిషి కీళ్ల దగ్గర చిన్న దీపాలు అమర్చి, చీకట్లో నడిపించి, ఆ చుక్కలను మాత్రమే చూపించారు. కదలకుండా ఉన్నప్పుడు అవి అర్థం లేని చుక్కలు. కదిలిన క్షణంలోనే చూసినవారు మనిషి నడుస్తున్నాడని చెప్పేశారు. తాడును చూసి పాము అనుకోవడం మన వేదాంతులకు పాత ఉదాహరణ. ఆ తాడు కొంచెం కదిలితే వేదాంతి కూడా గెంతుతాడు. ప్రాణిని వస్తువుగా పొరబడితే ముప్పు, వస్తువును ప్రాణిగా పొరబడితే పోయేదేమీ లేదు. కన్ను ఆ లెక్క మీదే నడుస్తుంది.

కళాకారులు ఈ సంగతిని శాస్త్రవేత్తల కంటే ముందే పసిగట్టారు. 1919-20లో మాస్కోలో రష్యన్ శిల్పి నౌమ్ గాబో ఒక సన్నటి లోహపు కడ్డీని విద్యుత్ మోటారుకు బిగించి కంపింపజేశారు. కడ్డీ మాయమై దాని చోట గాజుతో పోసినట్టు మెలికలు తిరిగిన ఒక ఆకారం గాలిలో నిలిచింది. మోటారు ఆపితే ఆకారం లేదు, కడ్డీ మిగులుతుంది. శిల్పానికి బరువైన ముద్ద అక్కర్లేదని చెప్పడానికి ఆయన చేసిన పని అది. ప్రాణం గురించి చెప్పడం ఉద్దేశం కాకపోయినా, పదార్థం వేరు, దాని నడక వల్ల కనిపించేది వేరు అన్న విడదీత అక్కడ మొదలైంది.

అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ దాన్ని చాలా దూరం తీసుకెళ్లారు. ఆయన చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. 1930లో పారిస్‌లో నైరూప్య చిత్రకారుడు పీట్ మోండ్రియన్ చిత్రశాలకు వెళ్లి, గోడ మీద అంటించిన రంగు దీర్ఘచతురస్రాలను చూసి, వీటిని కదిలిస్తే బాగుంటుందేమో అన్నారట. మోండ్రియన్ ఒప్పుకోలేదు, తన చిత్రాలు ఇప్పటికే చాలా వేగంగా ఉన్నాయని జవాబిచ్చారట. కాల్డర్ ఇంటికి వెళ్లి తానే కదిలే నైరూప్య శిల్పాలు మొదలుపెట్టారు. 1931లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్ వాటికి మొబైల్ అని పేరు పెట్టారు. తొలి మొబైళ్లలో కొన్నింటికి చేతితో తిప్పే పిడి, కొన్నింటికి మోటారు ఉండేవి. ఆ తర్వాత కాల్డర్ ఎక్కువగా గాలికే పని అప్పగించారు. మోటారు చేసిందే చేస్తుంది, షోరూము ఏనుగు గతే దానికీ.

గాలికి ఊగే మొబైల్‌ను దగ్గరగా చూస్తే ఉపాయం అర్థమవుతుంది. ఒక తీగకు ఒక కొసన రేకుతో కోసిన ఆకు, రెండో కొసన మరో తీగ. రెండు వైపులా తూకం కుదిరే చోట ఒక కొక్కెం. ఆ కొక్కెం పై తీగ కొసకు తగులుకుంటుంది. పై తీగకు మళ్లీ తన తూకం, తన కొక్కెం. ఇలా కింది నుంచి పైకి కట్టుకుపోతే ప్రతి తీగకూ సొంత నడక ఉంటుంది, కానీ ఏదీ మిగిలినవాటి నుంచి తప్పించుకోలేదు. తలుపు తెరిస్తే వచ్చిన చిరుగాలికి ముందు పలుచటి ఆకు కదులుతుంది. దాని బరువు జరిగినందుకు పై తీగ కాసేపాగి తిరుగుతుంది. ఆ తీగ తిరగడం పూర్తయ్యేలోపు ఆకు వెనక్కి మళ్లుతుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఉన్న ఆ జాప్యమే దానికి ఆలోచించి కదిలే లక్షణాన్ని అంటగడుతుంది. 1955లో కాల్డర్ భారతదేశానికి వచ్చి, అహ్మదాబాదులో సారాభాయ్ కుటుంబం అతిథిగా ఉండి కొన్ని శిల్పాలు చేశారు.

ఇదంతా పడమటి వ్యవహారమనుకోనక్కర్లేదు. గుంటూరుకు దగ్గర్లోని అమరావతిలో దొరికి, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రటి సున్నపురాతి ఫలకం మీద, బుద్ధుడి మీదికి వదిలిన నాలాగిరి ఏనుగు రెండు సార్లు కనిపిస్తుంది. ఒక వైపు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతూ, రెండో వైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. మేడల మీది నుంచి తొంగిచూసే ముఖాలు, భయంతో ఒకరినొకరు పట్టుకున్న చేతులు. రాయి కదలదు. చూపు ఎడమ నుంచి కుడికి జరిగితే ఏనుగు నడిచినట్టే. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి పనితనం. ఈ రాతి ఏనుగు పక్కన చెవులు ఊపే ఫైబరు ఏనుగును నిలబెడితే ఏది కదులుతోందో చెప్పడం కష్టం.

తోలుబొమ్మలాట దగ్గరికి వస్తే విషయం ఇంకాస్త చిక్కబడుతుంది. మేకతోలును పారదర్శకంగా శుభ్రం చేసి, చిల్లులు కొట్టి, రంగులద్ది చేసే బొమ్మ పలుచటి పొర. దాని నడుమ నిలువునా చీల్చిన వెదురు బద్ద, చేతులకు వేరే పుల్లలు. భుజం, మోచేయి దగ్గర దారంతో కట్టిన వదులైన కీళ్లు. ఆడించేవారు బొమ్మను తెరకు అదిమితే అంచులు పదునుగా, రంగులు నిండుగా కనిపిస్తాయి. కొంచెం వెనక్కి లాగితే ఆకారం ఉబ్బి మసకబారుతుంది. హనుమంతుడు పెరగాలంటే అంతే చాలు. యుద్ధం వచ్చేసరికి కాళ్ల కింద చెక్కలను తొక్కుతూ చప్పుడు చేస్తారు, బొమ్మ దెబ్బ తిన్నది ఆ చప్పుడు పడ్డ క్షణంలోనే. కీలు వదులుగా ఉండటం వల్ల మోచేయి ఆగాల్సిన చోట ఆగక ఇంకొంచెం ఊగుతుంది. ఆ అదనపు ఊపు ఆడించేవారి ఉద్దేశంలో ఉండదు, తోలు బరువు చేసే పని. సగం మనిషి చెయ్యి, సగం తోలు స్వభావం. ఈ బొమ్మను కృత్రిమమని తేల్చేయడం కష్టం, ఎందుకంటే దాని ప్రాణం అబద్ధం కాదు. అరువు తెచ్చుకున్నది. కొండపల్లి ఎడ్లబండి బొమ్మలో ఎద్దుల కాళ్లు ఎన్నడూ కదలకపోయినా పిల్లవాడి చేతిలో అది పొలం దాకా వెళ్లొస్తుంది. అరువు ఇచ్చేవారు తెర వెనక ఉన్నా, బొమ్మ పక్కనే కూర్చున్నా తేడా లేదు.

అరువిచ్చే చెయ్యి లేకుండా బొమ్మే ఎదుటివారికి స్పందిస్తే? ఇంగ్లండులో బ్రిస్టల్‌లో మెదడు మీద పరిశోధన చేసే గ్రే వాల్టర్ 1948-49లో రెండు యంత్ర తాబేళ్లను చేశారు. పేర్లు ఎల్మర్, ఎల్సీ. రెండేసి నరాల కణాలకు సాటిగా రెండేసి రేడియో వాల్వులున్న సర్క్యూట్లు. వెలుతురు వైపు పోవడం, మరీ ఎక్కువ వెలుతురైతే తప్పుకోవడం, అడ్డం తగిలితే పక్కకు తిరగడం, బ్యాటరీ తగ్గితే దీపమున్న గూటికి చేరుకోవడం. ఉన్న నియమాలు ఇవే. తలమీది దీపాన్ని అద్దంలో చూసుకున్నప్పుడు మాత్రం తాబేలు ఆగి, వెలిగి ఆరుతూ అద్దం ముందే తచ్చాడింది. అది తనను గుర్తుపట్టిందని ఎవరికైనా అనిపిస్తుంది. దీపం కనిపిస్తే ఆరిపోవడం, ఆరితే మళ్లీ వెలగడం తప్ప అందులో ఏమీ లేదు.

శిల్పి ఎడ్వర్డ్ ఇనాటొవిచ్ 1970లో నెదర్లాండ్స్ ఐండ్‌హోవెన్‌లోని ఫిలిప్స్ వారి ప్రదర్శనశాల కోసం చేసిన సెన్‌స్టర్ మరీ పెద్ద ప్రాణి. ఎండ్రకాయకు దగ్గరి బంధువైన లాబ్‌స్టర్ కొండి కీళ్లను చూసి రూపొందించిన ఉక్కు గొట్టాల మెడ, నూనె ఒత్తిడితో కదిలే కీళ్లు, తల మీద మైక్రోఫోన్లు, రాడార్లు, వెనక ఒక కంప్యూటర్. మెల్లగా మాట్లాడితే తల వంచి దగ్గరికి వచ్చేది. గట్టిగా అరిస్తే, చేతులు విసిరితే వెనక్కి తగ్గేది. పెద్దలు దానితో గుసగుసలాడారు, పిల్లలు దాన్ని బెదిరించి ఆనందించారు. తెలివైన జంతువని అందరూ అన్నారు. ప్రోగ్రాము మాత్రం చాలా చిన్నదనీ, జనానికి కనిపించిన గడుసుతనంలో ఎక్కువ భాగం ఆ హాలులో ధ్వని ప్రతిధ్వనించే తీరు నుంచీ, జనం ప్రవర్తన నుంచీ వచ్చిందనీ తయారుచేసిన మనిషే గ్రహించారు. ఫోనులో మాట్లాడే ప్రోగ్రాములకు ఇప్పుడు జనం థాంక్స్ చెప్పడం, క్షమాపణ అడగడం చూస్తే ఆ హాలు ఇంకా మూతపడలేదనిపిస్తుంది.

ఇక ఈ వరుసలో అందరికంటే పెద్ద మాట అన్నవారు డచ్ కళాకారుడు థియో యాన్సెన్. డెల్ఫ్ట్‌లో భౌతిక శాస్త్రం చదువుతూ వదిలేసి కళలోకి వచ్చిన ఆయన, 1990 నుంచి కరెంటు వైర్లు వేసే పసుపుపచ్చ పీవీసీ గొట్టాలతో సముద్రతీర మృగాలు చేస్తున్నారు. మోటారు లేదు, బ్యాటరీ లేదు, గాలికి నడుస్తాయి. సూర్యలంక ఇసుకలో సైకిలు తోసినవారెవరికైనా అక్కడ చక్రం ఎందుకు పనికిరాదో తెలుసు. చక్రం దారిలోని ప్రతి అంగుళాన్నీ ఒరుసుకుంటూ, ప్రతి చోటా కూరుకుపోతూ పోవాలి. కాలు అక్కడొక చోట, ఇక్కడొక చోట ఆనితే చాలు. అందుకే ఆయన కాళ్లు ఎంచుకున్నారు. అయితే తిరిగే ఇరుసు నుంచి నడిచే అడుగు రావాలంటే, పాదం నేల మీద ఉన్నంతసేపు సరళరేఖలో జరగాలి, ఎత్తినప్పుడు చకచకా ముందుకు రావాలి. ఒక కాలులో ఉండే కడ్డీల పొడవుల మీద అది ఆధారపడుతుంది, ఆ పొడవుల కూర్పులు కోట్లకు కోట్లు. యాన్సెన్ కంప్యూటర్‌లో ఇష్టమొచ్చిన పొడవులతో 1,500 కాళ్లు పుట్టించి, బాగా నడిచే 100 కాళ్లను ఏరి, వాటి కొలతలు కలిపి మళ్లీ 1,500 పుట్టించి, అలా నెలల తరబడి నడిపించారు. చివరికి మిగిలిన కొలతలను ఆయన పవిత్ర సంఖ్యలంటారు.

అక్కడితో ఆగలేదు. రెక్కలు గాలిని పంపు చేసి ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో నిల్వ చేస్తాయి, గాలి లేనప్పుడు అదే తిండి. ఒక గొట్టం ఇసుక మీద ఈడుస్తూ గాలి పీలుస్తుంటుంది. నీళ్లు తగిలితే పీల్చడం బరువవుతుంది, మృగం వెనక్కి మళ్లుతుంది. పెనుగాలి వస్తే ఒక సుత్తి మేకును ఇసుకలోకి దిగ్గొట్టి ఒంటిని కట్టేసుకుంటుంది. పోలిక మాత్రం ఏ జంతువుకూ లేదు. పని ముగిసిన మృగాలను ఆయన శిలాజాలంటారు. ఇవి కొత్త జీవజాతులని ఆయన వాదన. ప్రపంచమంతా విద్యార్థులు ఈ కాళ్ల నమూనాలు చేయడమే వాటి సంతానోత్పత్తి అని కూడా అంటారు.

ముచ్చటైన వాదనే, ఒప్పుకోవడం కష్టం. మామిడి టెంక మొలకెత్తడానికి మామిడి చెట్టు గురించి తెలిసిన విద్యార్థి అవసరం లేదు. చిలీ జీవశాస్త్రవేత్తలు హంబెర్టో మతురానా, ఫ్రాన్సిస్కో వరేలా 1970ల మొదట్లో చెప్పిన గీటురాయి ఇక్కడ పనికొస్తుంది. తనను తయారుచేసే భాగాలను తానే తయారుచేసుకుంటూ, తన హద్దును తానే నిలబెట్టుకునేదే ప్రాణి. ఒంటి మీది చర్మకణాలు రాలిపోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి, మనిషి ఆ మనిషే. యాన్సెన్ మృగంలో గొట్టం విరిగితే అది విరిగినట్టే. సుత్తి, సీసా, పీల్చే గొట్టం అన్నీ ప్రాణి చేసే పనులు చేస్తాయి. గొట్టాన్ని మాత్రం ఏదీ పుట్టించదు. దీనికి సరిగ్గా తిరగబడిన బొమ్మ గణిత శాస్త్రవేత్త జాన్ కాన్వే 1970లో ఇచ్చిన గేమ్ ఆఫ్ లైఫ్ అనే గళ్ల ఆటలో ఉంది. పొరుగు గళ్లను బట్టి ప్రతి గడీ వెలుగుతుంది, లేదా ఆరుతుంది. అందులో వెలిగిన ఐదు గళ్ల ఆకారం, పేరు గ్లైడర్, ఏటవాలుగా పాకుతుంది, నాలుగు అంచెలకొకసారి ఒక గడి జరిగి అదే రూపంలో నిలుస్తుంది. గళ్లు ఎక్కడివక్కడే ఆరి వెలుగుతాయి, ముందుకు పోయేది ఆకృతి మాత్రమే. పదార్థం మారినా నిలిచే ఆకృతి అక్కడ దొరికింది, పదార్థమే లేదు. యాన్సెన్ దగ్గర పదార్థముంది, అది మారదు. ఈ రెండింటినీ ఒక చోట కలిపింది ఇంతవరకు గడ్డిపరకే.

చావు గురించి కూడా కళాకారులు ప్రయత్నించారు. స్విట్జర్లాండ్ శిల్పి జాన్ టాంగ్లీ 1960 మార్చి 17న న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలో సైకిలు చక్రాలు, పియానో, స్నానాల తొట్టి, మోటార్లతో కట్టిన పెద్ద యంత్రాన్ని తనంత తానే ధ్వంసమయ్యేలా నడిపారు. 27 నిమిషాలు నడిచింది. మంటలు అదుపు తప్పేలా ఉంటే అగ్నిమాపక సిబ్బంది కల్పించుకున్నారు. ప్రాణి చావుకు దగ్గరగా వచ్చింది నిజానికి సెన్‌స్టర్ కథ. దాన్ని పెట్టిన కొన్నేళ్లకే విప్పేశారు. కంప్యూటర్ పోయింది, ఉక్కు అస్థిపంజరం దశాబ్దాల పాటు నెదర్లాండ్స్‌లోనే ఆరుబయట నిలబడి ఉంది. 2017లో పోలండ్ క్రాకోలోని ఏజీహెచ్ విశ్వవిద్యాలయం కొని బాగుచేయించింది. ఇప్పుడది మళ్లీ తల తిప్పుతోంది, కొత్త కంప్యూటర్ చెప్పినట్టు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీని విప్పితే దొరికే గేర్లు, చెయిన్లు, స్ప్రింగులు, బేరింగులు ఇటువంటి శిల్పాలకు సరిపోయే సరంజామా. తెనాలి శిల్పులు పాత ఇనుప ముక్కలను అతికి చేసిన విగ్రహాలు దేశమంతా వెళ్లాయి. విజయవాడ, గుంటూరు పార్కుల్లోనూ, కూడళ్లలోనూ ఇనుప సింహాలు, పక్షులు, గుర్రాలు ఉన్నాయి. తిరగడానికే పుట్టిన బేరింగు కన్నుగానో, మోకాలు చిప్పగానో వెల్డింగుతో బిగిసిపోయి ఉంటుంది. పోలిక కోసం కదలికను వదులుకోవడమది. కృష్ణ మీది నుంచి ప్రకాశం బ్యారేజీ వైపు వచ్చే గాలికి ఒక్క కీలు వదిలినా చాలు, సింహం పోలిక కొంత తగ్గినా పరవాలేదు. నైపుణ్యానికి కొరత లేదు. లేత్ మీద పని చేసే చెయ్యి, తూకం తెలిసిన చెయ్యి ఇక్కడ వీధికొకటి ఉంది. చిక్కు మరో చోట ఉంది. నిలబడి ఉండే విగ్రహానికి ఖర్చు ఒక్కసారే, అడపాదడపా రంగు వేస్తే సరి. కదిలేదానికి వర్షాకాలం ముందు గ్రీజు పెట్టాలి, అరిగిన బుష్ మార్చాలి, తుఫాను గాలి హెచ్చరిక వస్తే ఎవరో వెళ్లి కట్టెయ్యాలి. యాన్సెన్ సుత్తి చేసే పనిని ఇక్కడ జీతమిచ్చి ఒక మనిషి చేత చేయించాలి. టెండరు కాగితంలో శిల్పం ఎత్తు, బరువు, రంగులతో పాటు ఆ మనిషికి కూడా ఒక వరుస ఉంటే ఆటోనగర్ బేరింగులు వెల్డింగు తప్పించుకుంటాయి.